పీట మీద ఎవరు?

గ్వానికా
డిసెంబరు 10, 2017

అవిల్డాకి,

నేను బతికే ఉన్నాను. నువ్వూ బతికే ఉన్నావని మీ కొండకి చేపలు మోసుకొచ్చే చీటో చెప్పాడు. తుఫాను పోయి పన్నెండు వారాలు కావస్తున్నా మీ గుయాబాల్‌కి ఫోను లేదట, కరెంటు లేదట, దారి కూడా సగమే మిగిలిందట. అందుకే ఈ ఉత్తరం వాడి చేపల పెట్టె మీద పెట్టి పంపుతున్నాను. వాసన వస్తే నన్ను తిట్టకు, వాణ్ణి తిట్టు.

పదకొండేళ్లలో మనం చూసుకున్నది ఒక్కసారి, అదీ నా తమ్ముడు లాలోని మట్టిలో పెట్టిన రోజు. అప్పుడైనా మాట్లాడుకోలేదు. ఇన్నాళ్లకి ఆడపడుచుకి తమ్ముడి పెళ్లాం ఎందుకు గుర్తొచ్చిందా అనుకుంటావు. నువ్వు గుర్తు రాలేదు. చీటో అన్న మాటొకటి చెప్పులో రాయిలా నన్ను నిలవనివ్వడం లేదు.

మీ బతెయ్‌లో, ఆ రాళ్లు నిలిపిన బయలులో, పూజలు మళ్లీ మొదలయ్యాయట. శంఖం ఊదుతున్నారట, జాఫ్రా గింజల ఎర్రరంగు పూసుకుంటున్నారట. అంతవరకు సంతోషం. "మరి బొహీకె ఎవర్రా? పూజ చేయించేది ఎవరు?" అని అడిగాను. "ఎవరూ కాదమ్మా, అందరూనూ" అన్నాడు వెధవ.

అందరూనూ అంటే ఏమిటి? ఎలాదియో తాత బొహీకెగా ఉన్న రోజుల్లో ఆయన పీట మీద పిల్లి ఎక్కినా మనం ఊపిరి బిగబట్టేవాళ్లం. ఇప్పుడా పీట మీద ఎవరు కూర్చుంటున్నారు? పూజ రోజు ఎవరు పెడుతున్నారు? పాట తప్పు పాడితే కసిరేది ఎవరు? అసలు అది తప్పని చెప్పేది ఎవరు?

అంతా నువ్వే నడుపుతున్నావని కొందరి అనుమానమట. నువ్వే అయితే నువ్వేనని రాసెయ్. నాకేం అభ్యంతరం లేదు. ఉన్నా నువ్వెప్పుడు లెక్కచేశావు గనక.

హసింతా

*

గుయాబాల్, హయూయా
డిసెంబరు 27, 2017

హసింతా వదినగారికి,

ఉత్తరం అందింది. వాసన చీటోదే, మీది కాదు.

పీట మీద ఎవరూ కూర్చోవడం లేదు. మనం దండం పెట్టే సెమీ రాయి పక్కన గోడకి ఆనించి ఉంది. నేనేమీ నడపడం లేదు. నడిపే ఓపికే ఉంటే ముందు మా ఇంటి కప్పు వేయించుకునేదాన్ని.

ఎలా మొదలైందో చెబుతాను. గాలివాన రోజు గుయాబాల్‌లో నిలబడిన కప్పు ఒక్కటే, ఎలాదియో తాత మందాకులు ఆరబెట్టే సిమెంటు కొట్టు. ముప్ఫై ఒక్కరం నెలరోజులు అందులోనే ఉన్నాం. మోన్సె గాడిపొయ్యి తవ్వింది. మెకానిక్ చాగో ఊట దగ్గర్నుంచి గొట్టం లాగాడు. నేను కర్రపెండలం తురిమి రొట్టెలు కాల్చాను. ఎవరూ ఎవరికీ పని చెప్పలేదు. ఓ రోజు పొద్దున్న మోన్సె గరిటె పట్టుకుని, "ముప్ఫైమందికి వండటానికి మనకి పెద్ద అక్కర్లేకపోయింది. దండం పెట్టుకోవడానికి మాత్రం ఎందుకే?" అంది. అలా మొదలైంది.

అమావాస్య వెళ్లిన ఆదివారం తెల్లవారగానే కలుస్తాం. వంతులు. ఎవరి వంతైతే వాళ్లు ముందు నిలబడి తమకు ఏం వచ్చో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏది రాదో గట్టిగా చెప్పాలి. ఆ తర్వాతే శంఖం. తలుపు మూసి ఎవరూ ఎవరికీ ఏదీ నేర్పకూడదు. వచ్చినవాణ్ణి నీది ఏ రక్తమని అడగకూడదు. కప్పులు వెయ్యడానికి పక్క దీవి దోమినికానా నుంచి వచ్చిన బియెన్‌వెనీదో మొన్న మాతో పాటు రంగు పూసుకున్నాడు, ఎవరూ ఏమనలేదు. చాగో వంతు మీరు చూడాల్సింది. "తాతల్లారా, బండి స్టార్టవడం లేదు, ఒకసారి బానెట్ ఎత్తి చూడండి" అని వేడుకున్నాడు. మోన్సె నవ్వలేక చచ్చింది.

ఇక అసలు సంగతి. తుఫాను తర్వాత మా కొండ మీద తొమ్మిది మంది పోయారు. ఒక్కరికీ సాగనంపు పాట పాడలేదు. కోళ్ల తోమాస్ గుర్తున్నాడా? కరెంటు లేక ఆయన ఊపిరి మిషను ఆగిపోయింది. ఆయన భార్య నిన్ఫా ఇప్పటికీ రోజూ మధ్యాహ్నం ఆయనకో పళ్లెం పెడుతుంది. "దారి తెలీక జామచెట్ల కింద తిరుగుతుంటాడు, పాట పాడేదాకా ఆకలిగా ఉండొద్దు కదా" అంటుంది. తను మాత్రం సరిగా తినదు.

ఎలాదియో తాత ఆఖరి మూడు రోజులు తలుపేసుకుని మీకొక్కరికే ఆ పాట నేర్పాడని ఊరందరికీ తెలుసు. మీరు బయటికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా బండెక్కి వెళ్లిపోయారు. ఎందుకో నేను అడగను. పాట మాత్రం అడుగుతున్నాను. వస్తారా? రాలేకపోతే రాసి పంపుతారా?

అవిల్డా

*

గ్వానికా
జనవరి 19, 2018

అవిల్డాకి,

రాసి పంపడానికి అదేమన్నా పచ్చడి చేసే పద్ధతా? ఆ పాట సంగతి ఎలాదియో తాతకీ నాకూ మధ్య మాట. మాటంటే మాటే. దాని జోలికి రాకు.

నిన్ఫాని తినమను. నేను చెప్పానని చెప్పు. తోమాస్ జీవితంలో ఒక్కపూట ఆకలితో ఉన్నవాడు కాదు, ఇప్పుడు మాత్రం ఎందుకుంటాడు.

నాకు అర్థం కానిది వేరే ఉంది. ఏది రాదో గట్టిగా చెప్పాలని రాశావు. నిజంగానే చెబుతున్నారా? అందరి ముందా? పిల్లలు వింటుండగానా? చెప్పాక జనం మొహాలు ఎలా పెడతారు? మర్నాడు కొట్లో ఉప్పు కొనడానికి వెళ్తే గుసగుసలాడరా? ఎవరు మొదలుపెట్టారు ఈ పని? మొదట చెప్పినవాళ్లు ఎవరు, ఏం చెప్పారు? ఉన్నదున్నట్టు రాయి. ఇక్కడ పీత మాంసం కూరి కజ్జికాయలు వేయిస్తూ పొద్దస్తమానం ఇదే ఆలోచిస్తున్నాను. నిన్న రెండు మూకుళ్లు మాడ్చాను.

హసింతా

*

గుయాబాల్, హయూయా
ఫిబ్రవరి 21, 2018

వదినగారికి,

మొదట చెప్పింది నేనే.

వాన ప్రార్థన ఒకటుంది కదా, మా ముత్తవ్వ దగ్గర నుంచి వచ్చిందని ఇరవై ఏళ్లుగా పిల్లలకి నేర్పుతున్నాను. అది మా ముత్తవ్వది కాదు. మ్యూజియం గోడ మీద చదివిన మూడు మాటలు, మా అమ్మ జోలపాట వరస, మిగతాది నా సొంత పైత్యం. నా వంతు వచ్చినప్పుడు అదే చెప్పాను. బతెయ్ రాయి వదలకుండా పట్టుకుని చెప్పాను.

వెంటనే బియెన్‌వెనీదో చెయ్యెత్తాడు. "అక్కా, ఒక అనుమానం. మరి పాడితే వాన వచ్చేదా?" అన్నాడు. "ఒకోసారి వచ్చేది" అన్నాను. "మా ఊళ్లో పాదిరీ ప్రార్థనకీ అంతే" అన్నాడు. అప్పుడు నవ్వారు చూడండి. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. చాగోకి కషాయాలు తెలియవట, మందుల షాపు మాత్ర పొడి చేసి కలుపుతాడట! కొట్లో గుసగుసలు ఉన్నాయి, లేవని ఎలా అంటాను. కానీ మొహం మీద అడిగేవాళ్లే ఎక్కువయ్యారు. ఆ ప్రార్థన మానెయ్యలేదు. ఇప్పుడు "అవిల్డా కట్టింది" అని చెప్పి మరీ పాడుతున్నారు.

అందరికీ నచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. కుట్టుపని సొకోర్రో కొడుకు ఎఫ్రాయిన్, మీకు తెలిసినవాడే, మండిపడ్డాడు. "తాతల సొమ్ముని సంతలో పెట్టారు. తల లేని ఒళ్లు శవం" అని అరిచాడు. ఉమ్మి సీసాలో పోసి పంపితే మనలో తాతల రక్తం ఎంతుందో చీటీ వస్తుందట, ఆ చీటీ లేనివాళ్లు బతెయ్‌లో కాలు పెట్టకూడదన్నాడు. మోన్సె ఊరుకుంటుందా? "నా ఉమ్మి నీ మొహాన వేస్తా, చీటీ నువ్వే రాసుకో" అంది. ఎఫ్రాయిన్ ఆరుగురిని వెంటేసుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ పీట కూడా ఎత్తుకెళ్లాడు.

ఎక్కడికో తెలుసా వదినగారూ? మీ దగ్గరికే. పాట ఎవరి దగ్గరుంటే పీట వాళ్లదేనట. మిమ్మల్ని బొహీకెగా కూర్చోబెడతాడట. నాలుగు రోజుల్లో మీ అరుగు మీద ఉంటాడు. ముందుగా చెప్పడం నా ధర్మం కనక చెబుతున్నాను.

మరో మాట. మా వంతుల చీటీలో మీ పేరు ఉంది. మీరు వెళ్లిపోయినా ఎవరికీ కొట్టెయ్యబుద్ధి కాలేదు.

అవిల్డా

*

గ్వానికా
మార్చి 9, 2018

అవిల్డాకి,

వచ్చారు. ఏడుగురు. పీట దుప్పట్లో చుట్టి తెచ్చారు, పసిపిల్లని తెచ్చినట్టు. అరుగు మీద పెట్టి, "కూర్చోండమ్మా, ఇది మీది. పదకొండేళ్లు ఆలస్యమైంది" అన్నాడు ఎఫ్రాయిన్. కళ్లలో నీళ్లు. నాటకం కాదు, నిజం నీళ్లే.

కూర్చున్నాను.

కాఫీ కలపాలని నేను లేవబోతే ఇద్దరు పరుగెత్తారు. ఇన్నేళ్లలో నా వంటింట్లో ఇంకొకరు నాకోసం కాఫీ కలపడం అదే మొదలు. బాగుంది. ఎందుకు దాచాలి, చాలా బాగుంది. పీట కాస్త ఎత్తు తక్కువ, అయినా అక్కడి నుంచి మనుషులు వేరేగా కనబడతారు.

పాట కావాలనుకునేవాళ్లు ఇకమీదట ఇక్కడికే రావాలని ఎఫ్రాయిన్ కబురు చేస్తున్నాడు. నేను అవునన్లేదు, కాదన్లేదు. మీ వంతుల చీటీలో నా పేరు మీ ఇష్టం, ఉంచితే ఉంచండి, కొట్టేస్తే కొట్టెయ్యండి.

హసింతా

*

గుయాబాల్, హయూయా
మార్చి 24, 2018

వదినగారికి,

కబురు అందింది. నిన్ఫాకి కూడా అందింది. ఈస్టరు వెళ్లిన శనివారం చీటో బండిలో మీ దగ్గరికి వస్తోంది. తోమాస్ చొక్కా, ఆ పళ్లెం మూట కట్టుకుంది. మోకాళ్లు బాగాలేవు, ఎక్కించేటప్పుడు దించేటప్పుడు పట్టుకోవాలి. ఆపుదామని చూశాను, నా తరం కాలేదు.

మాకేం చెబుతారన్నది నేనిక అడగను. ఆమెకేం చెప్పాలో చూసుకోండి.

అవిల్డా

*

గ్వానికా
ఏప్రిల్ 12, 2018

అవిల్డాకి,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపాను. ఇది నాలుగోది.

శనివారం మధ్యాహ్నం నిన్ఫా వచ్చింది. అరుగు మీద ఎఫ్రాయిన్, వాడి మనుషులు. నేను పీట మీద. నిన్ఫా నా ముందు చొక్కా పరిచింది, పళ్లెం పెట్టింది. "పాడమ్మా. ఆయన అలిసిపోయి ఉంటాడు" అంది.

గొంతు సవరించుకుని రెండు ముక్కలు కూనిరాగం తీస్తే సరిపోయేది. ఆమెకి తేడా తెలియదు. ఎఫ్రాయిన్‌కీ తెలియదు. పదకొండేళ్లుగా నేను దాచుకున్న రహస్యం అదొక్కటే అవిల్డా, తేడా ఎవరికీ తెలియదన్నది. నోరు తెరిచాను కూడా. ఆ చొక్కాకి పైనుంచి రెండో గుండీ లేదు, దాని బదులు ఆడవాళ్ల జాకెట్ గుండీ కుట్టి ఉంది. అది చూశాక నాకు కూనిరాగం రాలేదు.

"నిన్ఫా, నాకా పాట రాదు" అన్నాను.

"మరిచిపోయావా తల్లీ?"

"లేదు. ఎప్పుడూ రాలేదు."

ఆ మూడు రోజులు తలుపు వెనక ఏం జరిగిందో నీకూ తెలియాలి. మొదటి రోజు ఎలాదియో తాత మాట్లాడలేదు. రెండో రోజు ఏడ్చాడు. మూడో రోజు చెప్పాడు. "అమ్మాయ్, నాకు రాదు. మా నాయనమ్మకి వచ్చు. నాకప్పుడు ఏడేళ్లు, శవమంటే భయం. ఆవిడ పాట ఎత్తుకున్నప్పుడల్లా దుప్పట్లో దూరి చెవులు మూసుకునేవాణ్ణి. ఆవిడ పోయాక అందరూ నా వైపు చూశారు" అన్నాడు. ఆయన తలుపేసుకుని పాడిందంతా ఉత్త గొణుగుడు. బయటికి వినపడకూడదనే తలుపు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని ఆ సాయంత్రం పోయాడు.

నేను తలుపు తీసుకుని బయటికొచ్చాను. అందరూ నా వైపు చూశారు.

ఆయన పరువు తియ్యలేను. ఆయనలా గొణగనూ లేను. బండెక్కాను. బొహీకెని చెయ్యలేదని అలిగి పోయానని మీరంతా అనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. వట్టి చేతుల మనిషి అనిపించుకోవడం కన్నా కోపిష్టి మనిషి అనిపించుకోవడమే నాకు గౌరవంగా తోచింది.

ఇదంతా అరుగు మీదే చెప్పాను, ఏడుగురూ వింటుండగా. ఎఫ్రాయిన్ లేచి నిలబడ్డాడు. "అయితే మా అమ్మకి తాత పాడింది ఏమిటి?" అన్నాడు. వాళ్లమ్మ పోయినప్పుడు బయట ఎండలో గంటసేపు మోకాళ్ల మీద ఉన్నాడట. "నాకు తెలియదు నాయనా" అన్నాను. ఆ ఒక్క మాటకి వాడు పదేళ్లు ముసలాడైపోయాడు. పీట అక్కడే వదిలేసి, బండి కోసం కూడా ఆగకుండా నడిచి వెళ్లిపోయాడు.

నిన్ఫా మాత్రం కదల్లేదు. చొక్కా మడత పెడుతూ, "పాడే ముందు ఆ నాయనమ్మ ఏం చేసేదట? చెవులు మూసుకున్నాడు సరే, కళ్లు మూసుకోలేదు కదా?" అంది.

ఆ మాట పదకొండేళ్లలో నాకే తట్టలేదు! ఆయన చెప్పాడు అవిల్డా. నేనే లెక్కలోకి తీసుకోలేదు. ఆ ముసలావిడ ముందు ఇంట్లోవాళ్ల మధ్య కూర్చుని, "మనిషి ఇంట్లో ఉన్నాడని మీకెలా తెలిసేది?" అని అడిగేదట. వాళ్లేదో చెప్పేవాళ్లట. అప్పుడు లేచి మొదలుపెట్టేదట. అప్పుడే ఏడేళ్ల ఎలాదియో దుప్పట్లో దూరేవాడు.

నిన్ఫా ఆ ప్రశ్న రెండుసార్లు తనలో తను అనుకుంది. "ఆలోచించాలి" అంది. పళ్లెం మూటలో పెట్టుకుంది. వెళ్లే ముందు రెండు కజ్జికాయలు తింది.

ఇదీ సంగతి. ఎవరికి చెబుతావో చెప్పుకో.

హసింతా

*

గుయాబాల్, హయూయా
మే 21, 2018

హసింతా,

నెల దాటినా రాయలేదు, ఎందుకంటే రాస్తే ఏం రాస్తానో నాకే భయం వేసింది.

లాలోని మట్టిలో పెట్టిన రోజు నువ్వు గోతి అవతల నిలబడ్డావు. పాడతావని అందరం ఆగాం. శవపేటిక తాళ్లు పట్టుకున్నవాళ్లు కూడా ఆగారు. నువ్వు పెదవులు బిగించి నేల చూశావు. సొంత తమ్ముడికి, నిన్ను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తినవాడికి, పాడలేదు. తొమ్మిదేళ్లు వదినా! తొమ్మిదేళ్లుగా నేను నిన్ను అసహ్యించుకున్నాను. డిసెంబరులో మర్యాదగా ఉత్తరం రాశాను చూడు, ప్రతి 'మీరు' దగ్గరా పళ్లు నూరుకున్నాను. నీ దగ్గర ఉండి కూడా ఇవ్వలేదనుకున్నాను. నీ దగ్గర లేదని ఒక్క ముక్క చెబితే నీ భుజం మీద పడి ఏడ్చి ఉండేదాన్ని. నాకు ఆ రోజు ఏడవడానికి ఎవరూ లేరు.

నీ ఉత్తరం బతెయ్‌లో చదివాను. ఎవరికైనా చెప్పుకోమన్నావుగా, నలభైమందికి చెప్పాను. ఎలాదియో తాత మేనకోడలు లేచి వెళ్లిపోయింది. చాగో మాత్రం "పాపం, జీవితమంతా భయపడ్డాడన్నమాట" అన్నాడు. తర్వాత మొదలయ్యాయి ప్రశ్నలు. నాయనమ్మ పేరేమిటి? జనం చుట్టూ నిలబడేవాళ్లా, కూర్చునేవాళ్లా? ఏడ్చేవాళ్లా, ఆడేవాళ్లా? ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఎవరూ ఇంటికి పోలేదు. నాకేం తెలుసు, నన్ను అడుగుతారేం?

జులై వంతు నీది. కొత్తగా వేసింది కాదు, చీటీలో చాగో తర్వాత నీ పేరే. బొహీకెగా రానక్కర్లేదు. నీ వంతుకి రా, నీ వంతు అయ్యాక కూర్చో.

కోపం తగ్గిందని అనుకోకు. ఫోను వచ్చింది, నంబరు కింద రాశాను.

అవిల్డా

*

గ్వానికా
జూన్ 2, 2018

అవిల్డాకి,

వస్తాను.

ఫోను చెయ్యకు. ఫోన్లో నాకు అబద్ధాలు తేలిగ్గా వస్తాయి.

'నువ్వు' అన్నావు. అలాగే ఉంచు.

హసింతా

*

గుయాబాల్, హయూయా
జులై 16, 2018

పోన్సెలో కూతురింట్లో మంచమెక్కిన అవిల్డాకి,

నన్ను రమ్మని పిలిచి, సరిగ్గా వారం ముందు కాఫీ తోటలో జారి మడమ విరగ్గొట్టుకున్న మహాతల్లీ, నీ ఇంట్లో నీ బల్ల మీదే రాస్తున్నాను. కప్పు బాగా వేశాడు బియెన్‌వెనీదో. నీ పంచదార డబ్బాలో చీమలు. నీ కూతురు యారీసాని నీ కాలు దిండు మీద పెట్టమను.

అంతా చెప్పమని మోన్సె ద్వారా కబురు చేశావట. చెబుతాను.

చీటో బండిలోనే వచ్చాను, పీట కూడా వచ్చింది. రొయ్యల వాసన కొడుతోంది, బతెయ్‌లో దించగానే చాగో ముక్కు మూసుకున్నాడు. నిన్ఫాకి మోకాళ్లు పట్టేశాయి, కూర్చోవడానికి ఇంకేమీ లేదు, దాని మీద కూర్చుంది. ఒక్కరూ ఊపిరి బిగబట్టలేదు.

తెల్లవారుతుండగా నిలబడ్డాను. నలభైమంది కాదు, అరవై దాకా ఉన్నారు. అలిగి వెళ్లిన ఆరుగురిలో నలుగురు వచ్చారు. ఎఫ్రాయిన్ రాళ్ల వరస బయట, చేతులు కట్టుకుని. తాత మేనకోడలు రాలేదు.

"నాకు శంఖం ఊదడం వచ్చు, జాఫ్రా నూరడం వచ్చు, అవి ఎలాదియో తాత నేర్పాడు. సాగనంపు పాట నాకు రాదు. ఆయనకీ రాదు. ఇద్దరం దాచాం" అన్నాను. నువ్వు రాసినట్టే నేనూ రాయి పట్టుకుని నిలబడ్డాను. ఎవరైనా తిడతారేమోనని ఆగాను. మోన్సె, "సరే, తర్వాత?" అంది. అంతే! పదకొండేళ్లు దేనికి భయపడ్డానో అది 'సరే, తర్వాత' తో అయిపోయింది.

తర్వాత ఏమిటో నాకు మాత్రం తెలుసా? నిన్ఫా దగ్గరికి వెళ్లి, "తోమాస్ ఇంట్లో ఉన్నాడని నీకెలా తెలిసేది?" అని అడిగాను. మూడు నెలలు ఆలోచించిన మనిషి, వెంటనే చెప్పింది. "ఈల. పొద్దున్నే కోళ్లకి ఈల వేసేవాడు. కింద రెండు, పైకి ఒకటి." వేసి చూపించబోయింది, పెదవులు కుదరలేదు. పక్కనున్న ఆవిడ అందుకుంది. కాదంది నిన్ఫా, చివరిది ఇంకా పైకి అంది. చాగో వేశాడు. బియెన్‌వెనీదో వేశాడు. మోన్సె కట్టుడు పళ్లు తీసి జేబులో వేసుకుని మరీ ప్రయత్నించింది, ఉత్త గాలి వచ్చింది. నవ్వుతూనే అరవైమందీ వరస పట్టుకున్నారు. కింద రెండు, పైకి ఒకటి. నేను శంఖం ఊదాను. కొండ అవతల నుంచి తిరిగి వినపడింది.

అప్పుడు కోళ్లు వచ్చాయి.

నవ్వకు. తోమాస్ పోయాక గంప విరిగి చెట్లల్లో కలిసిపోయిన కోళ్లు. ముందు ఒక ఎర్రపెట్ట, తర్వాత ఆరో ఏడో, తుప్పల్లోంచి పడుతూ లేస్తూ మనుషుల కాళ్ల మధ్య నుంచి బతెయ్ నడిమధ్యకి పరుగెత్తుకొచ్చాయి. ఈలలు ఒక్కసారిగా ఆగిపోయాయి. అవి మెడలెత్తి అటూ ఇటూ చూస్తున్నాయి, ఎవరు పిలిచారా అని.

నిన్ఫా లేచింది. ఎవరినీ పట్టుకోనివ్వలేదు. మూట విప్పి, పళ్లెంలో తోమాస్ కోసం తెచ్చిన కందికాయల అన్నం గుప్పెళ్లతో తీసి వాటి ముందు చల్లింది. పళ్లెం ఖాళీ అయింది. తల ఎత్తి జామచెట్ల వైపు చూసి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు అంది: "తోమాస్, కోళ్లని నేను చూసుకుంటాను. నువ్వు వెళ్లు."

ఆ తర్వాత ఆమె మోన్సె పక్కన కూర్చుని తనకో రొట్టె అడిగింది.

అది ఆ పాతపాటేనా అని నన్నడగకు. కాదనే చెబుతాను. దుప్పట్లో ఏడేళ్ల పిల్లాడు వినకుండా ఉన్నది ఏమిటో ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. నిన్న మేం చేసింది మేం చేశాం, అలాగే చెప్పుకుంటున్నాం.

ఎఫ్రాయిన్ రాళ్లు దాటి లోపలికొచ్చాడు. నా మొహం చూడలేదు. "మీతో నేను మాట్లాడను. మా అమ్మకి కుట్టుమిషను. కాలితో తొక్కేది. బడి నుంచి వస్తుంటే వీధి మొదట్లోనే వినపడేది" అన్నాడు. కుడి మడమతో నేల మీద కొట్టి చూపించాడు. గబగబా పద్నాలుగు దెబ్బలు, దారం తెగినట్టు కాస్త ఆగి, మళ్లీ. ముందు వాడొక్కడే. తర్వాత అరవై మడమలు. దుమ్ము మోకాళ్ల దాకా లేచింది. వాడు కళ్లు మూసుకుని తొక్కుతూనే ఉన్నాడు. ఆగస్టు వంతుకి తన పేరు తనే రాసుకుని వెళ్లాడు. నాతో నిజంగానే మాట్లాడలేదు. మాట్లాడకపోవచ్చు.

మిగతా ఎనిమిదిమందికీ అయ్యేసరికి ఎండెక్కింది. చివర్లో చాగో, "లాలోకి?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. అక్కని కదా.

చిన్నప్పటి లాలో నాకు తెలుసు. మెట్లు రెండేసి దూకేవాడు, తలుపు కాలితో తన్నేవాడు. అది చెబుదామని నోరు తెరిచి మూసుకున్నాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు వాడు నీ ఇంటికి వచ్చాడు, నా ఇంటికి కాదు. వాడికి ఈ పని అవిల్డా వచ్చాకే అని చెప్పి, అందరినీ ఇంటికి పంపించేశాను.

సాయంత్రం నీ గుమ్మం దగ్గర కూర్చుని, తోట నుంచి వచ్చే దారిని చాలాసేపు చూశాను. వాడు ఆ దారిన వచ్చేవాడు కదా. వస్తూ పాడేవాడా? గొంతు సవరించుకునేవాడా? కత్తి రాతికేసి గీసేవాడా? నీ పేరు పెట్టి పిలిచేవాడా, ఇంకేదైనా పేరుతోనా? వాడు ఇంట్లో ఉన్నాడని నీకెలా తెలిసేది అవిల్డా?

నాకు తెలియదు. చెప్పు.

హసింతా